గంట నాలుకకు చుట్టిన గుడ్డ

జ్ఞానప్రకాశం గొంతు పెద్దది. ప్రొద్దుటూరు క్రైస్తవుల గుడిలో ఆరాధన నడిపే ఉపదేశిగా ఉన్నన్నాళ్లూ తను కీర్తన ఎత్తుకుంటే బజారులో బంగారం తూచేవాళ్లు కూడా చెయ్యి ఆపి వినేవాళ్లని ఆయనకొక గొప్ప. పాడితే పైనున్న దేవుడికి వినపడాలి, పక్కనున్నవాడికి నిద్ర ఎగిరిపోవాలి. ఆయనకు తెలిసిన భక్తి అంతే. అలాంటి మనిషిని బదిలీ చేసి తీసుకొచ్చి కోనవంక గుడిలో పడేశారు.

కోనవంక జమ్మలమడుగుకు అవతల, పెన్న ఒడ్డున ఉంది. ఏటికి ఇటు కోనవంక, అటు ఇంకో ఊరు, రెండూళ్లకూ పడదు. ఇటు ఊరికి ఒక పెద్దాయన, అటు ఊరికి ఇంకొకాయన. ఇటాయన ఏ పార్టీలో ఉంటే అటాయన దానికి ఎదురు పార్టీలో ఉంటాడు. మారితే ఇద్దరూ ఒకేసారి మారతారు కాబట్టి ఎప్పటికీ ఎదురుగానే ఉంటారు. ఇటాయన పేరు కోనవంకలో ఎవరూ పలకరు. పెద్దాయన అంటే చాలు, ఆయనే. ఊరి చివర పాళెంలోని క్రైస్తవ కుటుంబాలన్నీ ఆయన చేలల్లో, ఆయన నాపరాళ్ల గనిలో కష్టం చేసుకుని బతికేవే.

వచ్చిన మొదటి ఆదివారం జ్ఞానప్రకాశం పొద్దున్నే స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, గుడి గంట తాడు పట్టుకుని గట్టిగా లాగాడు. టంగుమనలేదు. దిండు మీద పిడికిలితో గుద్దినట్టు మెత్తటి చప్పుడొకటి వచ్చింది. తలెత్తి చూస్తే గంట నాలుకకు పాత చీరగుడ్డ ముద్దగా చుట్టి, పురికొసతో బిగించి కట్టి ఉంది. ఎవరో పిల్లలు చేసిన పని అనుకున్నాడు. ఈలోగా జనం గంటతో పని లేకుండానే వచ్చేశారు.

ఎట్లా వచ్చారంటే, చెప్పులు వాకిట్లో కాదు, దూరాన ప్రహరీ గోడ దగ్గరే విడిచేశారు. అక్కడి నుంచి ముని వేళ్ల మీద నడుచుకుంటూ వచ్చారు. ఆడపిల్లల కాళ్ల పట్టీలకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. గుడిలో నేల మీద వరిగడ్డి పరిచి, దాని మీద రెండు వరసల ఈతచాపలు వేసి ఉన్నాయి. మోకరించుదాం అనేసరికి అందరూ ముందు రెండు చేతులు నేలకు ఆనించి, నిండు కడవ దించినంత నెమ్మదిగా మోకాళ్లు దించారు. ఒక్క మోకాలు కూడా చప్పుడు చెయ్యలేదు. దగ్గు వచ్చిన ముసలాయన ఒకడు నోటికి పంచె అడ్డం పెట్టుకుని లేచి గోడ దాకా పోయి, అక్కడ దగ్గి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. పైకప్పు దూలం మీద బల్లి కదిలితే అది కూడా వినపడింది.

జ్ఞానప్రకాశం తన అలవాటు కొద్దీ కీర్తన ఎత్తుకున్నాడు. మొదటి చరణం ఆయన ఒక్కడి గొంతే. జనం పెదాలు కదులుతున్నాయి గాని బయటికి వచ్చేది గుసగుసే. కళ్లు మాత్రం ఆయన నోటి మీది నుంచి రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారపు బల్ల మీదికి, బల్ల మీది నుంచి మళ్లీ ఆయన నోటి మీదికి తిరుగుతున్నాయి. రెండో చరణానికి తన గొంతు ఎప్పుడు తగ్గిందో ఆయనకే తెలియలేదు. మూడో చరణం ఆయన కూడా గుసగుసగానే పాడాడు, వీపంతా చెమట పట్టింది.

బయటికి వచ్చాక అది భయమని ఆయన ఒప్పుకోలేదు. దేవుని సన్నిధిలో ఇంత వినయం తానెక్కడా చూడలేదని పొంగిపోయాడు. జమ్మలమడుగు పోయి పాస్టరు అయ్యగారికి చెబితే ఆయనా అదే మాట అన్నాడు. తన కింద ఉన్న సంఘాలన్నిటిలోకీ దేవుని ఎదుట ఎట్లా ఉండాలో తెలిసింది కోనవంక వాళ్లకేనని, వాళ్లను చూసి నేర్చుకోమని మిగతా సంఘాలకు చెబుతుంటానని అన్నాడు. వచ్చే ఆదివారం సంస్కారం ఇవ్వడానికి తానే వస్తున్నట్టు కబురు చెప్పి పంపాడు.

జ్ఞానప్రకాశం భార్య యశోదమ్మ మాత్రం ఈ పొగడ్తలకు లొంగలేదు. ఆమె పులివెందుల పక్క పల్లెలో పుట్టిన మనిషి, ఎవరి ముఖం చూసి ఏముందో చెప్పగలదు.

“ఇది బక్తి గాదు. సావింట్లో గూడా ఇంతకంటే సప్పుడుంటాది,” అంది.

నీకు ప్రొద్దుటూరు సంత అలవాటైపోయిందిలే అని ఆయన ఎగతాళి చేశాడు. కానీ రెండు రోజులు గడిచేసరికి ఇంట్లో ఆయన చెంబు దించేటప్పుడు చప్పుడు కాకుండా దించుతున్నాడు. యశోదమ్మ చట్టి మీద మూత పెట్టేటప్పుడు కింద వేలు అడ్డం పెట్టి మెల్లగా వదులుతోంది. ఒక పూట ఆ సంగతి ఆమెకే తట్టి, కోపం వచ్చి, మూత ఎత్తి చట్టి మీద ధన్‌మని వేసింది. వీధిలో నడిచిపోతున్న ఇద్దరు ఆడవాళ్లు ఉలిక్కిపడి గోడకు అతుక్కుపోయారు. ఆ తర్వాత ఆమె మూతలు మళ్లీ మెల్లగానే పెట్టింది.

బుధవారం సాయంత్రం జ్ఞానప్రకాశం పాళెం వీధిలో పోతుంటే చిన్నపిల్లలు కొందరు గుడి ఆట ఆడుకుంటున్నారు. ఒక కొమ్మకు రాయి కట్టి వేలాడదీసి, అది గంట అన్నారు. ఆ రాయికి ముందుగా గుడ్డ చుట్టారు. తర్వాత వరసగా ముని వేళ్ల మీద నడిచి వచ్చి కూర్చున్నారు. ఎందుకమ్మా గుడ్డ చుట్టినారని ఆయన ఒక పాపను అడిగాడు. గుడి గంటకు గుడ్డ ఉండాలి గదా అని ఆ పాప ఆయన్ను ఏమీ తెలియనివాణ్ని చూసినట్టు చూసింది. ఆ పిల్లలు పుట్టి బుద్ధెరిగాక ఆ ఊళ్లో గంట మోగనే లేదని ఆయనకు అప్పుడు అర్థమైంది.

గురువారం మధ్యాహ్నం ఆయన సంస్కారపు బల్ల సంగతి చూద్దామని గుడికి పోయాడు. ఆదివారం అయ్యగారు వచ్చేసరికి అన్నీ సక్రమంగా ఉండాలి. బల్ల మీద గిన్నె పెట్టి నీళ్లు పోసి చూస్తే, కాస్త చెయ్యి ఆనితే చాలు, బల్ల ఊగి నీళ్లు ఒలికాయి. కాళ్లు సరిగ్గానే ఉన్నాయి. బల్ల కిందున్న నాపబండ కదులుతోంది. ఎప్పుడో ఎత్తి, సున్నం పెట్టకుండా మళ్లీ పరిచినట్టుంది. ద్రాక్షారసం అయ్యగారి చేతి మీద ఒలికితే ఏం మర్యాద అనుకుని, గనిలో పనిచేసే ఒకాయన ఇంట్లో గడ్డపార అడిగి తెచ్చాడు.

గుడిలో నరసమ్మ ఉంది. గుడి ఊడ్చేదీ, దీపం తుడిచేదీ ఆమే. భర్త లేడు, ఉన్న ఒక్క కొడుకూ పోయాడు. గుడంతా చీపురుతో ఊడుస్తుంది గాని బల్ల దగ్గరికి వచ్చేసరికి చీపురు పక్కన పెట్టేసి, కూర్చుని, అరచేత్తో తుడుస్తుంది. ఆ చెయ్యి పసిబిడ్డ తల మీద కదిలినట్టు ఆ బండ మీద కదులుతుంది.

జ్ఞానప్రకాశం బల్ల పక్కకు జరిపి, గడ్డపార మొన బండ సందులో ఆనించాడు. నరసమ్మ కేక పెట్టలేదు. జారినట్టుగా వచ్చి, తన రెండు అరచేతులూ ఆ మొన మీద కప్పింది. ఒక్క పోటు వేస్తే చేతులు చితికిపోతాయి.

“గడ్డపార తీయండి అయ్యవారూ. నిమ్మళంగా,” అంది.

ఆయన తీశాడు. వాకిట్లో సంఘ పెద్ద ఏలీయా ఎప్పుడు వచ్చాడో వచ్చి నిలబడి ఉన్నాడు. గుడి తాళం ఉండేది ఆయన దగ్గరే. అరవై దాటిన మనిషి, పరిగెత్తుకొచ్చినట్టు రొప్పుతున్నాడు, అయినా అడుగుల చప్పుడు మాత్రం రాలేదు.

సంగతి చెప్పింది నరసమ్మే. నాలుగేండ్ల కింద ఎలక్షన్ల ముందర పోలీసులు ఊళ్లో ఇల్లిల్లూ వెతుకుతుంటే పెద్దాయన మనుషులు గుడికి వచ్చారు. ఏ పోలీసైనా గుడిలో సంస్కారపు బల్ల ఎత్తి చూస్తాడా అన్నారు. ఏలీయా తలుపు తీశాడు, తీయక ఏం చేస్తాడు. బల్ల కింద బండ లేపి, గుంట తవ్వి, బకెట్టు నిండా నాటుబాంబులు రంపపు పొట్టులో పొదిగి దించి, మళ్లీ బండ పరిచి పోయారు. నాలుగు దినాల్లో తీసుకపోతామన్నారు. ఆ నాలుగు దినాలే ఇవి. తర్వాతి ఆదివారం ఎవరో మోకాళ్లు ధబ్బున వేసేసరికి ఒకామె స్పృహ తప్పి పడిపోయింది. డోలకును అటక ఎక్కించారు. గంట దూలం బల్ల దగ్గరి గోడకే ఉంది కాబట్టి మోగితే నేల అదురుతుందని నరసమ్మే తన పాత చీర చించి గంట నాలుకకు చుట్టింది. బయటి అయ్యగార్లకు ఎవరూ చెప్పలేదు. పిల్లలకు అసలే చెప్పలేదు.

జ్ఞానప్రకాశం బండ దగ్గర నుంచి వెనక్కి జరిగాడు. ఆ బల్ల దగ్గరే నిలబడి తాను మొన్న ఆదివారం ప్రసంగం చేశాడు, చేతులూపుతూ చేశాడు.

“మా దావీదు సంగతి విన్యారా మీరు?” అంది నరసమ్మ.

విన్నాడు. రెండేండ్ల కింద గని నుంచి కూలోళ్లతో వస్తున్న పెద్దాయన ట్రాక్టరు మీద బాంబులు పడి దావీదు పోయాడు. ఆ సమయానికి ఏటవతలి ఊరి జీపు ఆ దారినే పోయిందని, బాంబులు ఆ జీపులో వాళ్లే వేశారని ఊరంతా చెప్పుకుంది. పెద్దాయన దావీదు పెట్టెకు స్వయంగా భుజం పట్టాడు. ఆ ఏడు పంచాయతీ ఓట్లన్నీ ఆయనకే పడ్డాయి.

“ఊర్లో ఒకరిద్దరు గొణిగినారు అయ్యవారూ. జీపు మీదికి మన పెద్దాయన మనుషులే ఏసినారు, గురి తప్పి ట్రాక్టరు మీద పడె అని. నేనే వాళ్ల నోరు మూయించినా. మనోళ్ల సరుకంతా మన గుడిలో ఉండె గదా, యాడ నుంచి తెచ్చి ఏస్తారు అని.” ఆమె బండ మీద చెయ్యి వేసి నిమిరింది. “మనిషి పోతే గంట కొట్టేది మా తాతల నాటి నుంచి ఉండాది. నా బిడ్డకు కొట్టలే. ఈ సరుకు యాడ పేల్తాదోనని నేనే వద్దన్నా.”

ఏలీయా గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. జ్ఞానప్రకాశం గడ్డపారను శబ్దం కాకుండా గోడకు ఆనించి బయటపడ్డాడు.

ఇంటికి పోయి యశోదమ్మకు అంతా చెప్పాడు. ఆ బల్ల మీద రొట్టె విరిచి అందరికీ పంచుతారా అని ఆమె ఒక్క మాట అడిగింది. అయ్యగారు వచ్చి ఆ బాంబుల మీద నిలబడి సంస్కారం ఇస్తాడు, ఇంత భక్తి గల సంఘం లేదని మళ్లీ మెచ్చుకుని పోతాడు. ఆ మెచ్చుకోలు దేవుడికి చేరుతుందా, పెద్దాయనకు చేరుతుందా? ఆదివారంలోపు ఆ సరుకు గుడి నుంచి పోవాలి, లేదంటే ఆ బల్ల మీద సంస్కారం జరగకూడదు. అంతవరకు ఆయన మనసు గట్టిపడింది. ఎట్లా పోవాలన్నదే తెలియలేదు.

శుక్రవారం పొద్దున పెద్దాయన ఇంటికి పోయాడు. పెద్దాయన కొట్టంలో దూడకు తవుడు కలుపుతున్నాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట, అద్దాల వెనక కళ్లు చల్లగా ఉంటాయి. ఉపదేశి వచ్చాడని లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించాడు. పనిమనిషి తెచ్చిన గ్లాసు అరుగు చివర పెట్టి పోయింది, ఆ గ్లాసు పాళెం నుంచి వచ్చేవాళ్ల కోసమే విడిగా ఉంచింది. జ్ఞానప్రకాశం గ్లాసు తీసుకుని, నోరు తెరవబోయేలోపు పెద్దాయనే అన్నాడు.

“నిన్న గడ్డపార తెచ్చినావంట గదా.”

జ్ఞానప్రకాశం గ్లాసు అరుగు మీద పెట్టేశాడు. ఆ గడ్డపార గురించి తెలిసినవాళ్లు గుడిలో ముగ్గురే. ఇచ్చినాయన నాలుగోవాడు. ఆదివారం సంస్కారం ఉంది, ఆ వస్తువు మీద బల్ల ఉండకూడదు, దయచేసి తీయించండి అని ఎట్లాగో కూడదీసుకుని చెప్పాడు.

పెద్దాయన దూడ మూతి తుడుస్తూ నవ్వాడు. “ఇన్నేండ్లు మీ దేవుడు ఏమన్నా అన్న్యాడా? అనలేదు గదా. మీ గుడి శానా పద్ధతిగా ఉంటాదని జమ్మలమడుగులో గూడా సెప్పుకుంటాండారు. నా వల్లనే గదా ఆ పద్ధతి.” దూడను వదిలి, చెయ్యి కడుక్కుని, గొంతు ఇంకా తగ్గించాడు. “ఎలక్షన్లు కానీలే. తీస్తాం. అంతవరకు ఎవరూ దాన్ని కదిలించగూడదు. కదిలిస్తే ఏమన్నా అయితే, పసిబిడ్డలుండే జాగా, ఆ పాపం నీ మెడకు సుట్టుకుంటాది ఉపదేశీ.”

మాట ముగించి పెద్దాయన దూడ తాడు మళ్లీ అందుకుని బిగించాడు. జ్ఞానప్రకాశం మజ్జిగ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, వచ్చేశాడు. దారిలో ఎదురైన ఇద్దరు ముగ్గురు ఎక్కడికి పోయి వచ్చావని అడగలేదు. అందరికీ ముందే తెలిసినట్టుంది. ఆ నిశ్శబ్దం గుడిలో పుట్టి ఊరంతా పాకిందని ఆయనకు అప్పుడు అనిపించింది.

పులివెందులలో చిన్న పని చేసుకున్న రోజుల్లో పోలీసులు పట్టుకున్న నాటుబాంబులను నీళ్ల బకెట్లలో వేసి ఉంచడం ఆయన చూశాడు. నీళ్లు పట్టిస్తే మందు చచ్చిపోతుందని అక్కడివాళ్లు చెప్పుకునేవాళ్లు. ఆ మాట పట్టుకున్నాడు. బండ ఎత్తక్కర్లేదు, గడ్డపార అక్కర్లేదు, సందులో నుంచి నీళ్లు పోస్తే చాలు. శనివారం మధ్యాహ్నం, జనమంతా గనికి, చేలకు పోయిన వేళ, నరసమ్మను ఏదో పని మీద యశోదమ్మ దగ్గరికి పంపి, ఏలీయాను తాళం తీయమన్నాడు. ఎందుకని ఏలీయా అడగలేదు.

రెండు కడవలు నీళ్లు పక్కన పెట్టుకుని, జ్ఞానప్రకాశం బండ పక్కన కూర్చున్నాడు. ముందు తడిగుడ్డ పరిచాడు. దాని మీదుగా చెంబుతో సన్నటి ధార సందులోకి వదిలాడు. ధార వంకరగా పోతోంది. ఒక చెంబు, ఇంకో చెంబు. నీళ్లు గుటగుట దిగిపోతున్నాయి. లోపల ఏదైనా చిటపటమంటుందేమోనని ఊపిరి బిగబట్టాడు. ఏమీ లేదు. ఒక కడవ ఖాళీ అయింది. చెవి బండకు ఆనించి విన్నాడు. నీళ్లు ఎక్కడో కింద మట్టిలోకి ఇంకుతున్న చప్పుడు. బకెట్టుకు తగిలిన చప్పుడు లేదు.

రెండో కడవ వంచబోతుంటే వాకిట్లో నుంచి ఏలీయా మాట వినపడింది.

“ఇంక పొయ్యద్దు అయ్యవారూ. ఆడ ఏమీ లేదు.”

జ్ఞానప్రకాశం చెంబు కింద పెట్టాడు. ఏలీయా లోపలికి వచ్చి చాప చివర కూలబడ్డాడు. మామూలుగా నడిచి వచ్చాడు, మడమ ఆనించి.

“రెండేండ్లాయె. వాళ్లొచ్చి తలుపు తీయమంటే తీసినా. బకెట్టుతో సహా ఎత్తకపోయినారు. నాలుగు దినాలకు దావీదు పొయ్యె.”

మిగతాది ఏలీయా ఎక్కడా ఆగకుండా చెప్పాడు, ఎన్నాళ్లగానో లోపల చెప్పుకుంటూ ఉన్నట్టు. దావీదును పూడ్చిన సాయంత్రమే పెద్దాయన పిలిపించాడు. బండ అట్లే ఉండనీ, జనం ఎట్లా నడుస్తున్నారో అట్లే నడవనీ అన్నాడు. సరుకు గుడిలో ఉందని ఊరు అనుకున్నన్నాళ్లూ ట్రాక్టరు మీద పడింది ఎవరిదని ఎవరూ అడగరు. గంట విప్పినా, డోలకు దించినా, సరుకు పోయిందని తెలుస్తుంది. పోయిందని తెలిస్తే ఎప్పుడు పోయిందని నరసమ్మ అడుగుతుంది. అందుకని ఏలీయా ప్రతి ఆదివారం అందరికంటే ముందు ముని వేళ్ల మీద నడిచాడు. ఖాళీ గుంట చుట్టూ ఊరంతా రెండేండ్లు ఊపిరి బిగబట్టుకుని దేవుణ్ని కొలిచింది.

జ్ఞానప్రకాశం ఆ తడి బండను చూస్తూ ఉండిపోయాడు. బాంబులు ఉన్నప్పటి కంటే లేవని తెలిసిన తర్వాతే ఆ గుడి ఆయనను ఎక్కువ భయపెట్టింది.

ఇంకెట్లాగూ ప్రమాదం లేదు గదా, రేపు సంస్కారం కానీండి, ఎలక్షన్లయినాక నిదానంగా చూద్దామని ఏలీయా అన్నాడు. అనేటప్పుడు తల ఎత్తలేదు.

“రేపు అయ్యగారు రొట్టె ఇచ్చేటప్పుడు, నువ్వు నరసమ్మ పక్కనే మోకరిస్తావా మామా?” అని అడిగాడు జ్ఞానప్రకాశం.

ఏలీయా గుడి తాళం చేతిలో తిప్పుతూ కూర్చుని, లేచి, నువ్వు చెప్పొద్దు అయ్యవారూ, తలుపు తీసింది నేను అని మాత్రం అని వెళ్లిపోయాడు.

ఆదివారం ఎండ తెల్లగా కాసింది. అయ్యగారు జమ్మలమడుగు నుంచి బయలుదేరాడని కబురొచ్చింది. జనం గోడ దగ్గర చెప్పులు విడిచి, ముని వేళ్ల మీద వచ్చి, వరసలుగా కూర్చున్నారు. బల్ల మీద తెల్లగుడ్డ, గిన్నె, రొట్టె, అన్నీ ఉన్నాయి. జ్ఞానప్రకాశం బైబిలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. యశోదమ్మ నరసమ్మ పక్కన కూర్చుంది. ఏలీయా లేడు. ఆయన లేకుండా ఆరాధన మొదలైన ఆదివారం ఎవరికీ గుర్తు లేదు.

అప్పుడు వాకిట్లో అడుగుల చప్పుడైంది. మడమలు నేలకు తాటించి నడుస్తున్న చప్పుడు. అందరి తలలూ తిరిగాయి. ఏలీయా భుజం మీద గడ్డపారతో లోపలికి వచ్చాడు. చాపల మధ్య నుంచి నేరుగా బల్ల దగ్గరికి పోయి, రొట్టె, గిన్నె తీసి జ్ఞానప్రకాశం చేతికిచ్చి, బల్లను ఒక పక్కకు లాగాడు. ఆయన ఏం చేయబోతున్నాడో అర్థమవగానే తల్లులు పిల్లలను చంకనేసుకుని వాకిలికి పడ్డారు. ఆ తొక్కిడిలో కూడా ఎవరూ అరవలేదు. అరవడం మరిచిపోయినట్టున్నారు.

ఏలీయా గడ్డపార ఎత్తి సందులో పొడిచాడు. ఇనుము రాతికి తగిలిన ఆ చప్పుడుకు బయటున్నవాళ్లంతా ఒక్కసారిగా నేలకు వంగిపోయారు. ఏమీ కాలేదు. ఇంకో పోటు వేశాడు. బండ అంచు లేచింది. రెండు చేతులతో పట్టుకుని తిప్పి పక్కకు పడేశాడు. నాపబండ రెండుగా పగిలింది.

లోపల గుంట. అడుగున తడిసిన రంపపు పొట్టు, దాని మీద బకెట్టు అడుగు గుండ్రంగా అచ్చు పడిన జాడ. అంతే.

గుడిలో ఇంకా కూర్చుని ఉన్నది నరసమ్మ, యశోదమ్మ. మిగతావాళ్లు ఒక్కొక్కరే వాకిట్లో నుంచి తొంగి చూశారు. ఎవరో ఒకడు హమ్మయ్య అన్నాడు. ఇంకెవరో నవ్వబోయి, నరసమ్మను చూసి ఆగిపోయారు. నరసమ్మ లేచి గుంట దగ్గరికి వచ్చి కూర్చుంది. చెయ్యి లోపల పెట్టి పొట్టు పిడికెడు తీసి చూసింది. ఆ గుండ్రటి జాడను వేలితో చుట్టూ తడిమింది.

“ఎప్పుడు?” అంది.

ఏలీయా గడ్డపార మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. ఆమె అతని మొహం చూస్తూనే ఉంది, కన్ను ఆర్పకుండా.

“దావీదు పొయ్యేదానికి నాలుగు దినాల ముందర,” అన్నాడు. “తలుపు నేనే తీసినా నరసమ్మా. ట్రాక్టరు మీద పడింది ఎవరిదో నాకు తెల్సు. పెట్టెకు బుజం పట్టినాయనదే.”

ఆ మాట గుసగుసగా కాదు, మామూలు మాటగా చెప్పాడు. వాకిట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ వినపడింది. ఆ మాట ఇంక ఊళ్లో ఆగదని, పెద్దాయన అరుగు దాకా పోతుందని కూడా అందరికీ తెలుసు. గనికి కూలికి పోయే మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయినా ఎవరూ అక్కడి నుంచి కదలలేదు.

నరసమ్మ చేతిలో పొట్టు అక్కడే రాల్చింది. ఏలీయాను చూడనైనా చూడలేదు. అతను గడ్డపార వదిలేసి, పోయి గోడ దగ్గర చెప్పుల మధ్య కూర్చున్నాడు. ఆమె లేచి గంట దగ్గరికి నడిచింది. మడమలు ఆనించి, గట్టిగా అడుగులు వేసుకుంటూ నడిచింది. దూలం కింద అరుగు ఎక్కి, చెయ్యి చాపి గంట నాలుక అందుకుంది. నాలుగేండ్ల వానకూ ఎండకూ పురికొస ముడి బిగుసుకుపోయి ఉంది. గోళ్లతో రాలేదు. పళ్లతో కొరికింది. యశోదమ్మ పోయి గంటను కదలకుండా పట్టుకుంది. చీరగుడ్డ పొరలు పొరలుగా ఊడి వచ్చింది. పైన మాసి నల్లబడిపోయింది, లోపలి పొర మాత్రం కొత్త చీరలో ఉన్నంత పచ్చగానే ఉంది. నరసమ్మ ఆ గుడ్డను మడిచి కొంగులో పెట్టుకుని, కిందికి దిగి, తాడు లాగింది.

చావు గంట కొట్టే తీరు వేరు. ఒక దెబ్బ కొట్టి, అది పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు ఇంకో దెబ్బ కొడతారు. ఆ తీరు ఆమె చెయ్యి మరిచిపోలేదు. మొదటి దెబ్బకు పిల్లలంతా చెవులు మూసుకుని తల్లుల చీరల్లో దాక్కున్నారు. వాళ్లు గంట ఎట్లా ఉంటుందో ఎప్పుడూ వినలేదు. శబ్దం ఏటి మీదుగా పోయి అవతలి గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. ఏటవతలి ఊళ్లో కూడా జనం ఇళ్లలో నుంచి బయటికి వచ్చి నిలబడడం కనిపించింది. పెద్దాయన ఇంటి వైపు ఎవరో జీపు స్టార్ట్ చేశారు. ఆమె ఆపలేదు. జ్ఞానప్రకాశానికి తన పెద్ద గొంతు గుర్తొచ్చింది. ఇన్నేండ్లు ఆ గొంతుతో తాను ఏం పాడాడో తెలియలేదు, కళ్ల నుంచి నీళ్లు కారిపోతుంటే తుడుచుకోలేదు, చేతుల్లో గిన్నె, రొట్టె ఉన్నాయి.

అయ్యగారి మోటారు సైకిలు ఏటి దారి మలుపు తిరిగింది. ఆయన గంట వినే దూరం నుంచే వేగం పెంచినట్టున్నాడు, దుమ్ము రేపుకుంటూ వచ్చి గోడ దగ్గర ఆపి, చెప్పుల మధ్య తల వంచుకుని కూర్చున్న సంఘ పెద్దను చూసి, వాకిట్లో గుంపుగా నిలబడిన జనాన్ని చూసి, తలుపులో నుంచి కనబడుతున్న గుంటను చూశాడు. సంస్కారం సామాను పట్టుకుని బయట నిలబడి ఉన్న జ్ఞానప్రకాశం దగ్గరికి గబగబా వచ్చాడు.

“ఎవరు పోయినారు?” అని అడిగాడు.

జ్ఞానప్రకాశం గంట వైపు చూశాడు. అది తాను చెప్పాల్సిన మాట కాదు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య, తాడు పట్టుకునే, నరసమ్మ ఇటు తిరిగింది.

“నా కొడుకు దావీదు, అయ్యగారూ,” అంది.

దావీదును రెండేండ్ల కింద పూడ్చింది ఆ అయ్యగారే. ఆయన ఆమెను చూశాడు, పగిలిన బండను చూశాడు. భుజానికున్న సంచి తీసి గోడ మీద పెట్టి, చెప్పులు విడిచి, ఆమె కొట్టడం ఆపేదాకా అక్కడే నిలబడ్డాడు.